పక్షవాతం వచ్చిన అమ్మకు కేర్ హోమ్ వెతుకుతున్నాం: వెళ్లి చూసినప్పుడు ఏం గమనించాలి?

పెద్దమ్మాయి

అందరికీ నమస్కారం. అమ్మకు 74 ఏళ్లు. మూడు వారాల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది కానీ మనుషుల్ని గుర్తుపడుతోంది, చెప్పింది అర్థం చేసుకుంటోంది. ముక్కులో రైల్స్ ట్యూబ్ (ద్రవాహారం, అంటే ఫీడ్, పోసే గొట్టం), యూరిన్ బ్యాగ్ ఉన్నాయి. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, ఇన్సులిన్ రెండు పూటలా. హైదరాబాద్‌లో ఇప్పుడున్న ఆసుపత్రి వాళ్లు ఇంకో పది రోజుల్లో డిశ్చార్జ్ అంటున్నారు. నేను పుణెలో, తమ్ముడు డాలస్‌లో. నాన్నకు 80. ఆయనొక్కరితో ఇంట్లో అయ్యే పని కాదు.

నగర శివార్లలో రెండు హోమ్‌లు నాన్న, మా బాబాయి చూసొచ్చారు. మొదటిది కొత్త బిల్డింగ్, 40 పడకలు, ఏసీ గదులు, ముందు పచ్చిక, లోపలే చిన్న గుడి. మొత్తం 22 మంది స్టాఫ్ అన్నారు. రెండోది పాత డాబా ఇల్లు, 16 పడకలు, 14 మంది స్టాఫ్. గోడలు అక్కడక్కడా పెచ్చులూడి ఉన్నాయట. నాన్నకు మొదటిదే నచ్చింది. శనివారం నేను వచ్చి రెండు చోట్లకూ వెళ్తాను. ఏం అడగాలి, కళ్లతో ఏం చూడాలి, దేన్ని చూసి వద్దనుకోవాలి? ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

నైట్ సిస్టర్

మీరు రాసినవాటిలో నాకు పనికొచ్చినవి రెండే అండీ: పడకలెన్ని, స్టాఫ్ ఎంతమంది. పచ్చిక, గుడి నడవగలిగిన పెద్దవాళ్లకు ఎంతో సంతోషం, కాదనను. మంచం మీదున్న మనిషికి కావలసింది చేతులు. ఒక షిఫ్టులో, అందులోనూ రాత్రి షిఫ్టులో ఎన్ని చేతులు ఉన్నాయో తేల్చుకుంటే సగం నిర్ణయం అయిపోతుంది.

22 మంది అన్న లెక్కను విడగొట్టి అడగండి. మేనేజర్, రిసెప్షన్, వంటవాళ్లు, వాచ్‌మన్, డ్రైవర్, తోటమాలి, ఊడ్చేవాళ్లు అందులో ఎంతమంది? వాళ్లను తీసేస్తే మిగిలేవాళ్లే మనిషిని పట్టుకుని చాకిరీ చేసేవాళ్లు. వాళ్లు రెండు షిఫ్టులు, పైగా వారానికో సెలవు. కాబట్టి ఆ సంఖ్యను 6తో హెచ్చవేసి 7తో భాగించి, వచ్చినదాన్ని సగం చేయండి. పన్నెండు మంది ఉంటే షిఫ్టుకు సగటున ఐదుగురే వస్తారు. పగలు స్నానాలు, తిండ్లు ఉంటాయి కనుక ఎక్కువమందిని పగటికి వేస్తారు. రాత్రికి ముగ్గురో ఇద్దరో మిగులుతారు.

తర్వాత మంచాన ఉన్నవాళ్లు ఎంతమందో అడగండి. ఒక్కొక్కరిని రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. సరిగ్గా తిప్పాలంటే ఇద్దరు మనుషులు, ఐదు నిమిషాలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నాలుగు సార్లు. రెండుసార్లు డైపర్ మార్చడానికి పదేసి నిమిషాలు. అంటే మంచానున్న ఒక్క మనిషికి రాత్రికి ఒక గంట పని: తిప్పడానికి 40 నిమిషాలు, డైపర్‌కు 20. పది మంది అలా ఉంటే పది గంటలు. డ్యూటీలో ఇద్దరే ఉంటే వాళ్లిద్దరికీ కలిపి ఉన్నది 16 గంటలు. మిగతావాళ్లను బాత్రూమ్‌కు తీసుకెళ్లడం, నీళ్లివ్వడం, ఎవరికైనా ఆయాసం వస్తే చూడటం అన్నీ ఆ మిగిలిన ఆరు గంటల్లోనే కావాలి. లెక్క సరిపోని చోట ఎంత మంచి మనసున్న ఆయా అయినా తెల్లవారుజామున రెండింటికీ నాలుగింటికీ తిప్పలేదు. ఒకే వైపు పడుకుని ఉంటే ఒత్తిడికి వచ్చే పుండ్లు అక్కడే మొదలవుతాయి.

సిస్టర్ అని పిలిచే ప్రతివాళ్లూ నర్స్ కాదు. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) మూడేళ్ల కోర్సు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఇద్దరికీ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. రాత్రి డ్యూటీలో రిజిస్ట్రేషన్ ఉన్న నర్స్ ఒక్కరైనా ఉంటారా, పేరేమిటి, ఈ నెల డ్యూటీ చార్ట్ చూపిస్తారా అని అడగండి. అమ్మగారికి ఇన్సులిన్ ఉంది కనుక ఇది తప్పనిసరి. ఇన్సులిన్ వేశాక ఫీడ్ ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. మాట సరిగ్గా రాని మనిషి కళ్లు తిరుగుతున్నాయని చెప్పలేదు, నిద్రపోతోంది అనుకుని వదిలేస్తారు. కాబట్టి నేరుగా ఇలా అడగండి: "రాత్రి రెండింటికి షుగర్ 60 వస్తే ఏం చేస్తారు?" వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ట్యూబ్‌లో ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, డాక్టర్‌కు ఫోన్ చేస్తాం అని చెబితే పని తెలిసినవాళ్లే. మేనేజర్‌ను కాదు, డ్యూటీలో ఉన్నవాళ్లనే అడగండి.

ఇక కళ్లతో చూసేవి. దుప్పటి బయటికి వచ్చిన మడమలు చూడండి. మంచి చోట పిక్కల కింద దిండు పెట్టి మడమ గాలిలో ఉండేలా పడుకోబెడతారు. మడమ పరుపుకు ఆనుకుని, ఒకే చోట నల్లగా, గట్టిగా, మెరుస్తూ కనిపిస్తే అక్కడ లోపల పుండు తయారవుతున్నట్టే. మన చర్మం రంగు మీద ఎరుపు తేలిగ్గా తెలియదు. ఊదారంగు, వేడి, గట్టిదనం చూడాలి. నీళ్లు నింపిన గ్లౌజు మడమ కింద పెట్టడం, రింగు దిండు మీద కూర్చోబెట్టడం, ఎర్రబడిన చోట స్పిరిట్ రాసి రుద్దడం ఇంకా చాలా చోట్ల చేస్తున్నారు. మూడూ కీడే. రింగు చుట్టూ రక్తం ఆగిపోతుంది, రుద్దితే దెబ్బతిన్న కండ ఇంకా నలుగుతుంది. పక్కకు తిప్పినప్పుడు వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా, 30 డిగ్రీల మేర వాల్చాలి. పూర్తిగా పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది.

ఎయిర్ బెడ్ (మోటారుతో గాలి నింపే పరుపు) ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. తుంటి కిందుగా, పరుపు అడుగున అరచెయ్యి పెట్టి చూడండి. చేతికీ శరీరానికీ మధ్య అంగుళం గాలి ఉండాలి. మోటారుకు బరువును బట్టి ప్రెషర్ పెట్టే మర ఉంటుంది, దాన్ని ఎవరూ తిప్పరు. పైన రబ్బరు షీటు, దాని మీద దుప్పటి, దాని మీద ఇంకో షీటు మడతపెట్టి వేస్తే ఎయిర్ బెడ్ ఉన్నా లేనట్టే. కరెంటు పోతే మోటారు ఇన్వర్టర్ మీద నడుస్తుందా అనేదీ కనుక్కోండి.

చివరగా చార్ట్. సాయంత్రం నాలుగింటికి వెళ్లి ఎవరిదైనా ఈ రోజు చార్ట్ చూపించమనండి, పేరు మూసి చూపించినా చాలు. రాత్రి 8 గంటల గడి అప్పుడే నిండి ఉంటే అక్కడ చార్ట్ చూసేవాళ్ల కోసం రాస్తున్నారు, మనిషి కోసం కాదు. బీపీ నెలంతా 120/80 ఉన్నా అంతే. మనిషి బీపీ అలా ఉండదు.

కదలిక (ఫిజియో)

సిస్టర్ గారు చెప్పినదానికి మూడు విషయాలు కలుపుతాను.

లేపే పద్ధతి చూడండి. మీరున్న అరగంటలో ఎవరినో ఒకరిని మంచం మీంచి కుర్చీలోకి తప్పకుండా మారుస్తారు. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగితేనో, చంకల కింద చేతులు పెట్టి ఎత్తితేనో ఆ హోమ్‌లో మీ అమ్మగారి భుజం నెలలోపే జారుతుంది. పక్షవాతం వచ్చిన భుజాన్ని పట్టి ఉంచే కండరాలు వదులైపోయి ఉంటాయి. ఒకసారి కీలు జారి నొప్పి మొదలైతే ఇక వ్యాయామం చేయనివ్వరు. పద్ధతి తెలిసినవాళ్లు నడుముకు బెల్టు కట్టి, బాగున్న కాలి వైపు కుర్చీ వేసి, మోకాలికి మోకాలు ఆనించి లేపుతారు. మంచంలో పైకి జరపాలంటే నడుం కింద వేసిన షీటును ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఎత్తి జరుపుతారు, ఈడ్చరు. ఈడిస్తే పిర్రల మీద చర్మం లేచిపోతుంది.

రెండోది ముక్కు గొట్టం. దానితోనే ఉండిపోవాల్సిన పని లేదు. పక్షవాతం తర్వాత మింగడం చాలామందికి వారాల్లో తిరిగి వస్తుంది. కానీ ఎవరో ఒకరు పరీక్షించాలి. మింగడం పరీక్షించే స్పీచ్ థెరపిస్ట్ వస్తారా, ఎన్నాళ్లకోసారి అని అడగండి. గొట్టంలో పోస్తే పావుగంటలో అయిపోతుంది, చెంచాతో తినిపించాలంటే ముప్పావుగంట. మనుషులు తక్కువున్న చోట గొట్టం తీయించాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. అలాగని ఎవరూ పరీక్షించకుండా నోట్లో నీళ్లు పోసి చూడటం ప్రమాదం, ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలకు మించి గొట్టం అవసరం పడేలా ఉంటే, పొట్ట మీద పెట్టే పెగ్ ట్యూబ్ గురించి డిశ్చార్జ్‌కు ముందే డాక్టర్‌ను అడగండి.

ఫీడ్ ఇచ్చే తీరు కూడా ఒకసారి నిలబడి చూడండి. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి. ముక్కు దగ్గర గొట్టం మీద ఎన్నో సెంటీమీటర్ గుర్తు ఉందో ప్రతిసారీ చూడాలి. ఆ అంకె చార్ట్‌లో రాసి ఉండాలి, మారితే గొట్టం జారినట్టు. సిరంజి పిస్టన్ తీసేసి, గొట్టం పైకి పట్టుకుని, ఫీడ్ దానంతటదే దిగేలా పోయాలి. పిస్టన్‌తో తోస్తుంటే వద్దని చెప్పండి. ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల నీళ్లు. అయిపోయాక కనీసం అరగంట తల దించకూడదు. మాత్రలన్నీ ఒకే రోట్లో నూరి పోయడం మరో తప్పు. నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రలు, పైపొర ఉన్న గ్యాస్ మాత్రలు నూరితే పనిచేయవు, కొన్నిసార్లు మోతాదంతా ఒకేసారి ఒంట్లోకి పోతుంది. డిశ్చార్జ్ రాసే డాక్టర్‌నే గొట్టంలో ఇచ్చేందుకు వీలైన మందులు రాసివ్వమనండి.

మూడోది వ్యాయామం. పక్షవాతంలో తిరిగి వచ్చే కదలికలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే వస్తుంది. మీ అమ్మగారికి మూడు వారాలు గడిచాయి. వారానికి రెండు రోజులు ఫిజియో వస్తాడు అంటే చాలదు. రోజూ రావాలి, మిగతా వేళల్లో ఆయాలు అమ్మగారి చేతివేళ్లు, చీలమండ కదిలించాలి. ప్యాకేజీలో ఫిజియో ఉంది అంటే ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలో అడగండి. నలభై మందికి రెండు గంటలు వస్తే మనిషికి మూడు నిమిషాలు.

మేడ మీద గది ఇస్తామంటే లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందో లేదో కొలవండి. స్ట్రెచర్ ఆరున్నర అడుగుల పైనే ఉంటుంది. ఇళ్ల లిఫ్టుల్లో అది పట్టదు.

ఖర్చుల పుస్తకం

కాగితాల సంగతి నేను చెబుతాను.

నెలకు చెప్పే ఫీజులో ఏమేం లేవో రాయించుకోండి. మంచానున్నవారికి డైపర్లు, అండర్‌ప్యాడ్లు, గ్లౌజులు, ఫీడ్ పౌడర్, సిరంజీలు, ఎయిర్ బెడ్ అద్దె, ఫిజియో, డాక్టర్ విజిట్, గొట్టం మార్చడం, అంబులెన్స్ విడిగా వేస్తే చెప్పిన ఫీజుకు అంతకు సగం కలుస్తుంది. డైపర్లు మీరే కొని ఇస్తారా, వాళ్లే కొంటారా తేల్చుకోండి. మీరు కొనిస్తే రోజుకు ఎన్ని ఖర్చవుతున్నాయో మీకు తెలుస్తుంది. రోజుకు నాలుగైదు కావాలి. నెలకు అరవైతో సరిపెడితే రోజుకు రెండే మారుస్తున్నారన్నమాట.

అడ్వాన్స్ ఎంత, తీసుకెళ్లిపోతే ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, మధ్యలో ఆసుపత్రిలో ఉన్న రోజులకు ఎంత తగ్గిస్తారు, ఫీజు ఎప్పుడు పెంచుతారు, ఎన్ని రోజుల నోటీసు. ఈ ఐదూ ఒప్పందంలో అంకెలతో ఉండాలి. జీఎస్టీ కలిపి చెప్పారా అనేదీ చూడండి. ఆదాయపు పన్ను శాఖ దగ్గర ధార్మిక సంస్థగా నమోదైన ట్రస్టు నడిపే వృద్ధాశ్రమమైతే, 60 ఏళ్లు దాటినవారికి, భోజనం వసతి అన్నీ కలిపి నెలకు 25,000 రూపాయల వరకు ఫీజు మీద జీఎస్టీ లేదు. సాధారణ ఆరోగ్య బీమా ఆసుపత్రిలో చేర్చినప్పటి ఖర్చుకే తప్ప హోమ్ ఫీజుకు రాదు, ఆ లెక్క వేసుకోవద్దు.

అమ్మగారి ఆధార్ జిరాక్స్ ఇస్తే చాలు. ఒరిజినల్, ఏటీఎం కార్డు, బ్యాంకు పుస్తకం, సంతకం పెట్టిన ఖాళీ కాగితం ఏదీ ఇవ్వకండి. ముక్కుపుడక, గాజులు ముందే తీసేయండి. చేతులు వాస్తే తర్వాత గాజులు రావు.

మీ తమ్ముడు డాలస్‌లో ఉన్నారన్నారు కనుక ఒక మాట. అమెరికాలో నర్సింగ్ హోమ్ పేరు కొడితే మెడికేర్ సైట్‌లో తనిఖీల ఫలితాలు, స్టాఫ్ లెక్కలు, ఐదు నక్షత్రాల రేటింగ్ వస్తాయి. ఆయన ఇక్కడా అలాంటిది వెతుకుతూ ఉండి ఉంటారు. గూగుల్‌లో కనిపించే నక్షత్రాలు అవి కావు, వచ్చిపోయేవాళ్ల అభిప్రాయాలు. మనం వెళ్లి చూడాల్సిందే. రిజిస్ట్రేషన్ కాగితం మాత్రం అడగండి. వైద్యం, నర్సింగ్ కూడా చేస్తామనే చోటయితే జిల్లా వైద్యాధికారి దగ్గర నమోదు ఉందేమో కనుక్కోండి. వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. దగ్గర్లోని హోమ్‌ల వివరాలు చెబుతారు, ఇబ్బందుల్లో ఉన్న పెద్దవాళ్ల గురించిన ఫిర్యాదులూ తీసుకుంటారు. డబ్బు తీసుకుని చెప్పిన సేవ చేయకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, గడువు రెండేళ్లు. అప్పుడు పనికొచ్చేది రసీదులూ ఒప్పందమే. నగదు ఇచ్చి రసీదు తీసుకోకపోతే చేతిలో ఏమీ ఉండదు.

అడగటానికి కష్టంగా ఉన్నా అడగాల్సింది ఇంకొకటి ఉంది. అర్ధరాత్రి పరిస్థితి విషమిస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, వెంట ఎవరు వెళ్తారు, మీకు ముందు ఫోన్ చేస్తారా, ముందు అంబులెన్స్ ఎక్కిస్తారా? ముందు ఎక్కించమని రాసివ్వండి. హోమ్‌లోనే కన్నుమూస్తే మరణ కారణ ధ్రువపత్రం ఏ డాక్టర్ ఇస్తారు? 21 రోజుల్లో మరణం నమోదు కావాలి, దానికి ఆ కాగితం కావాలి. ఒకరు పుణె నుంచి, ఒకరు డాలస్ నుంచి వచ్చేదాకా ఆ గంటల్లో మీ నాన్నగారు ఒక్కరే అటూ ఇటూ తిరగాల్సి రాకూడదు.

పెద్దమ్మాయి

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. శనివారం సాయంత్రం, ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు రెండు చోట్లకూ వెళ్లాను. కనుక్కున్నవి ఇవి.

మొదటి హోమ్: 22 మందిలో చాకిరీ చేసేవాళ్లు 11 మంది, నర్స్‌లతో కలిపి. రాత్రి ముగ్గురు, అందులో ఒకరు సిస్టర్. 40 పడకలూ నిండి ఉన్నాయి, మంచానున్నవాళ్లు 18 మంది. సాయంత్రం నాలుగున్నరకు చూస్తే చార్ట్‌లో రాత్రి 8 గంటల బీపీ రాసేసి ఉంది. లోపలికి వెళ్లగానే ఫినాయిల్ వాసన గుప్పున వచ్చింది. ఫిజియో రోజూ వస్తాడు, రెండు గంటలు. ఆదివారం రాత్రి విజిటింగ్ టైమ్ కాదని లోపలికి రానివ్వలేదు.

రెండో హోమ్: 14 మందిలో చాకిరీకి 9 మంది. రాత్రి ముగ్గురు, ఒకరు జీఎన్‌ఎం, రిజిస్ట్రేషన్ కార్డు చూపించింది. మంచానున్నవాళ్లు 9 మంది. చార్ట్‌లో శుక్రవారం మధ్యాహ్నం గడి ఒకటి ఖాళీగా ఉంది. షుగర్ 60 ప్రశ్నకు ఆ అమ్మాయి తడుముకోకుండా చెప్పింది. రాత్రి వెళ్తే తలుపు తీశారు. ఇబ్బందులేమంటే, మొదటి అంతస్తులో గది ఇస్తామంటున్నారు, లిఫ్టు లేదు. ఇన్వర్టర్ ఫ్యాన్లకే వస్తుందట. డాక్టర్ పదిహేను రోజులకోసారి. ఫిజియో వారానికి మూడు రోజులే. నాన్న ఉండే చోటికి నాలుగు కిలోమీటర్లు. మొదటిది 23.

నైట్ సిస్టర్

లెక్క వేద్దాం. మొదటి చోట రాత్రి 18 గంటల పని, ఉన్నది 24. అందులో సిస్టర్ మందులు, ఇన్సులిన్‌లు చూసుకోవాలి, నడిచే 22 మంది పిలుపులకు వెళ్లాలి. ముగ్గురిలో ఒకరు రాని రాత్రి 18 గంటల పనికి ఉండేది 16 గంటలే. రెండో చోట 9 గంటల పని, ఉన్నది 24. ఒకరు రాకపోయినా గడుస్తుంది. ఈ తేడా తర్వాత మీరు ఎంత అడిగినా మారదు. అడ్మిషన్లు తగ్గించుకోమని ఎవరికీ చెప్పలేం కదా.

చార్ట్‌లో ఖాళీ గడి చూసి భయపడకండి, అది మంచి గుర్తు. మర్చిపోయినదాన్ని తర్వాత కల్పించి నింపలేదన్నమాట. వాసన సంగతి కూడా అంతే. మంచానున్నవాళ్లు ఉన్న చోట కాస్త మూత్రం వాసన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, పావుగంటలో పోవాలి. రోజంతా ఫినాయిల్ కొడుతుంటే దాని కింద ఏదో ఉంది.

రెండో చోట ఉన్న ఇబ్బందుల్లో ఎక్కువ భాగం సర్దుకోగలిగినవే. కింది గది ఇస్తేనే చేరుస్తామని చెప్పండి, దీని మీద మాత్రం రాజీ పడొద్దు. మెట్ల మీంచి కుర్చీలో దించాల్సి వస్తే ఎమర్జెన్సీలో పది నిమిషాలు పోతాయి. ఎయిర్ బెడ్ మోటారు తినేది చాలా తక్కువ కరెంటు. ఇన్వర్టర్ లైను నుంచి ఆ గదిలోకి ఒక ప్లగ్ లాగమనండి, ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని. ఫిజియోను మిగతా నాలుగు రోజులు మేమే బయటి నుంచి పెట్టుకుంటాం అనండి. డాక్టర్ మాత్రం మొదటి నెల వారానికోసారి చూడాలి, ఆ ఖర్చు మీరు పెట్టుకున్నా సరే. నాలుగు కిలోమీటర్లు పెద్ద విషయం. నాన్నగారు రోజూ ఏదో ఒక వేళప్పుడు వెళ్లి కూర్చుంటే అమ్మగారికి ధైర్యం, స్టాఫ్‌కు జాగ్రత్త.

వారం వారం

చేర్చాక ఏం చూడాలో ఎవరూ రాయలేదు, నేను రాస్తున్నాను.

వీడియో కాల్‌లో ముఖం ఒక్కటే చూసి పెట్టేయకండి. వారానికోసారి స్నానం చేయించే వేళ కాల్ చేసి, తెర వేయించి, నడుం కింది భాగం, రెండు మడమలు, తుంటి చూపించమనండి. నాలుక చూపించమనండి. గోధుమరంగు పొర పేరుకుని ఉంటే నోరు తుడవడం లేదు, నీళ్లూ చాలడం లేదు. గొట్టం ఉన్నా రోజుకు రెండుసార్లు నోరు శుభ్రం చేయాల్సిందే, ఆ మురికే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. యూరిన్ బ్యాగ్ నేలకు తగలకుండా, నడుముకు కిందుగా వేలాడుతుండాలి. క్యాథెటర్ (మూత్రం బ్యాగ్‌లోకి వచ్చే గొట్టం) మార్చిన తేదీ దాని మీదే రాసి ఉండాలి. అసలు క్యాథెటర్ ఇంకా అవసరమా అని ప్రతి విజిట్‌లో డాక్టర్‌ను అడగండి. ఎన్నాళ్లుంటే ఇన్ఫెక్షన్ భయం అంత పెరుగుతుంది.

బరువు నెలనెలా చూడాలి. లేపి తూచలేకపోతే బాగున్న చేతి భుజానికీ మోచేతికీ మధ్య టేపుతో చుట్టుకొలత తీసి రాయమనండి, ఎప్పుడూ ఒకే చోట. నెలలో బరువు నూటికి ఐదు వంతులు తగ్గితే ఫీడ్ చాలడం లేదు, లేదా రాసినంత ఇవ్వడం లేదు.

పగలంతా మత్తుగా ఉంటోంది అనిపిస్తే మందుల చీటీ ఫొటో తెప్పించుకుని, డిశ్చార్జ్ నాటి చీటీతో పక్కపక్కన పెట్టి చూడండి. గొట్టం లాగేస్తోందనో, రాత్రి అరుస్తోందనో కొత్తగా నిద్రమాత్ర, మానసిక రోగాలకు వాడే మాత్ర చేరి ఉంటే ఎవరు రాశారని అడగండి. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లకు ఆ రెండో రకం మందులతో ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరిక పెట్టించింది. చేతులు మంచానికి కట్టేయడం కూడా అంతే, మీకు చెప్పకుండా చేయకూడదని ఒప్పందంలో రాయించండి.

వేళ్ల సందుల్లో దురద, రాత్రుళ్లు గోకడం మొదలైతే గజ్జి. కలిసి ఉండే చోట అది ఒక్కరికే ఉండదు. పర్‌మెత్రిన్ 5 శాతం క్రీము గదిలో ఉన్న అందరికీ, చాకిరీ చేసేవాళ్లకూ ఒకే రోజు రాసి, వారానికి మళ్లీ రాయాలి. అమ్మగారికి మాత్రమే రాస్తే రెండు వారాల్లో తిరిగొస్తుంది.

పెద్దమ్మాయి

రెండో హోమ్ వాళ్లతో మాట్లాడాను. కింద ఉన్న గది మంగళవారం ఖాళీ అవుతుందట, ప్లగ్ లాగిస్తామన్నారు. నాన్న కూడా రాత్రి లెక్క చూశాక సరేనన్నారు. బుధవారం అంబులెన్స్‌లో మారుస్తున్నాం. ఆ రోజు ఏం జాగ్రత్త పడాలి?

నైట్ సిస్టర్

చివరి ఫీడ్ బయలుదేరడానికి గంట ముందే అయిపోవాలి, దారిలో తల వైపు ఎత్తే ఉంచమనండి. ఇన్సులిన్ ఎప్పుడు వేశారు, తర్వాతి ఫీడ్ ఎప్పుడు అనేది కాగితం మీద రాయించి మీ చేతిలో పెట్టుకోండి. దారిలో ట్రాఫిక్‌లో ఆగిపోతే ఆ కాగితమే ఆధారం. యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయించండి. స్ట్రెచర్ ఎత్తేటప్పుడు చాలామంది బ్యాగ్‌ను పొట్ట మీద పెడతారు, మూత్రం వెనక్కి పోతుంది, పెట్టనివ్వకండి.

డిశ్చార్జ్ సమ్మరీ రెండు కాపీలు, ముక్కు దగ్గర ట్యూబ్ సెంటీమీటర్ అంకె, ట్యూబ్, క్యాథెటర్ వేసిన తేదీలు అడిగి తీసుకోండి. ఆసుపత్రి మంచం మీంచి తీసేముందు నడుం, మడమలు, తుంటి ఫొటోలు తీయండి. హోమ్‌లో దించగానే అక్కడి సిస్టర్‌ను పక్కన పెట్టుకుని మళ్లీ తీయండి. ఏ మచ్చ ఎక్కడిదో ఇద్దరికీ ఆ రోజే తేలిపోవాలి. ఇన్సులిన్ వయల్ ఐస్ ప్యాక్‌కు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి తీసుకెళ్లండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. మొదటి మూడు రాత్రులు మీరు హైదరాబాద్‌లోనే ఉండగలిగితే ఉండండి.